రక్తంలోని ధూళి, మూత్రపిండాల జల్లెడ

భారతీయ భాషలలో కొన్ని వ్యాధుల పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఎంతో చరిత్ర తెలుస్తుంది. మనం మధుమేహం అనే వ్యాధిని హిందీ, మరాఠీ మాట్లాడేవారు కూడా ఆ మాటతోనే పిలుస్తారు. మలయాళంలో దానిని ప్రమేహం అంటారు. చరక, సుశ్రుత సంహితలలో కనిపించే పేరు అది. తమిళులు నీరిళివు అంటారు. కన్నడిగుల వాడుకలో అది సక్కరె కాయిలె, మన వాడుకలో చక్కెర వ్యాధి. ఈ పేర్లన్నిటిలోను ఉన్నవి రెండే విషయాలు. ఒకటి తీపి, రెండవది మూత్రం. ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని మూత్రాన్ని చూచి గుర్తించారు. నేటి వైద్యులు రక్తాన్ని పరీక్షించి నిర్ధారిస్తున్నారు. అయినప్పటికీ మధుమేహ రోగి మూత్రంలో మరొక సందేశం కూడా ఉంటుంది. అది చక్కెరకు సంబంధించినది కాదు. రక్తంలో నిలిచి ఉండవలసిన ఒక ప్రోటీన్ అందులోకి జారిపోవడమే ఆ సందేశం. అది ఎందుకు జారిపోతుందో, ఆ నష్టంలో రక్తంలోని అతి సూక్ష్మమైన ఒక ధూళికి ఎంత పాత్ర ఉన్నదో తెలుసుకోవడానికి ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలలో కృషి జరుగుతున్నది.

ఈ విషయం మనకు దూరపుది కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన విస్తృత సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి ముంగిట నిలిచి ఉన్నారు. మధుమేహం ఉన్నవారిలో రమారమి మూడవ వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. ఈ నష్టం నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా సంవత్సరాల తరబడి సాగుతుంది. అందుకే దీనిని అర్థం చేసుకోవలసిన అవసరం వైద్యులకు మాత్రమే పరిమితమైనది కాదు.

జల్లెడ నిర్మాణం

మన రెండు మూత్రపిండాలకు కలిపి నిమిషానికి సుమారు ఒక లీటరు రక్తం ప్రవహిస్తుంది. ఒక్కొక్క మూత్రపిండంలో దాదాపు పది లక్షల వడపోత యంత్రాలు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు దారపు ఉండవలె చుట్టుకొని ఉంటాయి. దీనికి రక్తకేశనాళికా గుచ్ఛమని పేరు. ఇటువంటి లక్షలాది గుచ్ఛాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో చాలా భాగం తిరిగి రక్తంలోకే చేరుకుంటుంది. చివరకు మూత్రంగా బయటికి పోయేది ఒకటి రెండు లీటర్లు మాత్రమే.

ఈ జల్లెడలో మూడు పొరలు ఉన్నవి. రక్తం వైపున ఉన్నది అంతఃస్తరం. ఆ కణాలలో సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిమీద చక్కెర పదార్థాలు, ప్రోటీన్లు కలిసిన ఒక మెత్తని పూత ఉంటుంది. రెండవది ఆధారత్వచం. మూడవది వేళ్ళను వేళ్ళలో జొనిపినట్లు ఒకదానితో ఒకటి అల్లుకొన్న పాదకణాల వరుస. నీరు, లవణాలు, యూరియా వంటి చిన్న పదార్థాలు ఈ మూడు పొరలను సులభంగా దాటిపోతాయి. రక్తకణాలు దాటలేవు. రక్తంలో ముఖ్యమైన ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ కూడా దాదాపు దాటదు. మూడు పొరలలో ఏది చెడినా ముందుగా కనిపించే గుర్తు ఆల్బుమిన్ మూత్రంలోకి రావడమే.

మధుమేహం వల్ల మూత్రపిండం చెడిపోతుందన్న సంగతి స్పష్టం కావడానికి చాలాకాలం పట్టింది. 1922 జనవరిలో టొరాంటో నగరంలో మొట్టమొదటిసారిగా ఒక రోగికి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు తీవ్రమైన మధుమేహం వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కారు. ఇన్సులిన్ వారికి ఆయుర్దాయం ఇచ్చింది. ఆ ఆయుర్దాయంతో పాటు, దీర్ఘకాలం గడిస్తేనే బయటపడే ఉపద్రవాలు కూడా కనిపించసాగాయి. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు వైద్యులు మధుమేహ రోగుల మూత్రపిండాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. కేశనాళికా గుచ్ఛాలలో ముడుల వంటి గట్టి పదార్థం పేరుకొని ఉండడాన్ని వారు వర్ణించారు. నేటికీ వైద్య గ్రంథాలలో ఆ ముడులకు వారిద్దరి పేర్లే ఉన్నవి.

ధూళి అని కొట్టివేసిన కణికలు

ఇక రక్తం వైపు చూద్దాము. ఎర్ర కణాలు, తెల్ల కణాలు కాక రక్తంలో మూడవ జాతి కణాలు కూడా ఉన్నవి. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పనిచేసిన బిజ్జొజెరో అనే శాస్త్రజ్ఞుడు, జీవించి ఉన్న జంతువుల సన్నని రక్తనాళాలలో వీటిని గమనించి 1882లో సమగ్రంగా వర్ణించాడు. రక్తనాళం గాయపడిన చోట ఇవి ఒకదానికొకటి అంటుకొని రంధ్రాన్ని పూడ్చుతాయని ఆయన గ్రహించాడు. హిందీలో వీటిని బింబాణువులు అంటారు. తెలుగు పాఠ్యగ్రంథాలలో రక్తఫలకికలు అనే మాట ఉన్నది. డెంగ్యూ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అనే మాట నేడు పల్లెటూళ్ళలో కూడా అందరికీ తెలుసు. కాబట్టి ఆ మాటనే వాడుదాము.

ప్లేట్‌లెట్ వ్యాసం రెండు మూడు మైక్రోమీటర్లు. అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు రెండు మూడు రెట్లు మాత్రమే. ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఎముక మజ్జలోని పెద్ద మాతృకణాల నుండి తునకలుగా విడివడి, ఎనిమిది నుండి పది రోజులు రక్తంలో సంచరించి నశిస్తాయి.

1946లో చార్‌గాఫ్, వెస్ట్ అనే శాస్త్రజ్ఞులు ఒక విచిత్రాన్ని గమనించారు. రక్తం నుండి కణాలను తీసివేసిన తరువాత మిగిలిన ద్రవానికి గడ్డకట్టే గుణం ఉన్నది. ఆ ద్రవాన్ని అత్యంత వేగంగా త్రిప్పి, అడుగున చేరిన పదార్థాన్ని తీసివేస్తే ఆ గుణం తగ్గిపోయింది. అంటే కంటికి కనిపించని కణికలు ఏవో అందులో ఉన్నవన్నమాట. 1967లో బ్రిటన్‌కు చెందిన పీటర్ ఉల్ఫ్ వాటిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, అవి ప్లేట్‌లెట్ల నుండి రాలినవని చూపాడు. వాటికి ఆయన వాడిన పేరు 'ప్లేట్‌లెట్ ధూళి'. నేడు వాటినే ప్లేట్‌లెట్ సూక్ష్మకణికలు అంటున్నారు. వాటి పరిమాణం మైక్రోమీటరులో పదవ వంతు నుండి ఒక మైక్రోమీటరు వరకు ఉంటుంది.

ఈ కణికలు ఎలా పుడతాయి? ప్లేట్‌లెట్ ఉత్తేజితమైనప్పుడు దానిలో కాల్షియం పెరుగుతుంది. కణాన్ని లోపలి నుండి నిలబెట్టే చట్రం సడలిపోతుంది. పైపొర బుడగలవలె ఉబ్బి తెగిపోతుంది. ఆ బుడగలే సూక్ష్మకణికలు. మామూలుగా పొరకు లోపలి వైపున ఉండే ఒక కొవ్వు పదార్థం ఈ మార్పులో వెలుపలి వైపునకు వస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లకు అది చక్కని పీఠంగా ఉపయోగపడుతుంది. ఇందులో శరీరానికి మేలు ఉన్నది. ఈ కొవ్వు పదార్థం వెలుపలికి రాలేని ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధిలో సూక్ష్మకణికలు కూడా సరిగా ఏర్పడవు. ఆ వ్యాధి ఉన్నవారికి గాయమైతే రక్తం సులభంగా ఆగదు. కాబట్టి ఈ ధూళిని కేవలం మాలిన్యమని అనుకోరాదు. ఆరోగ్యవంతులలో కూడా అది కొంత ఉంటుంది. అది అతిగా ఉత్పత్తి కావడమే సమస్య.

చక్కెర చేసే పని

మధుమేహంలో ఈ అతి ఉత్పత్తి జరుగుతున్నది. ప్లేట్‌లెట్ లోనికి గ్లూకోజు ప్రవేశించడానికి ఇన్సులిన్ అనుమతి అవసరం లేదు. కనుక రక్తంలో చక్కెర పెరిగితే ప్లేట్‌లెట్‌లోను పెరుగుతుంది. దాని పైపొరలోని ప్రోటీన్లకు చక్కెర అంటుకొని పొర స్వభావాన్ని మార్చివేస్తుంది. మరోవైపు ఆరోగ్యంగా ఉన్న రక్తనాళపు గోడ నైట్రిక్ ఆక్సైడ్ వంటి పదార్థాలను విడుదల చేస్తూ, ప్లేట్‌లెట్లను శాంతంగా ఉంచుతుంది. మధుమేహంలో ఆ ఉత్పత్తి తగ్గుతుంది. తత్ఫలితంగా ప్లేట్‌లెట్లు చిన్న కారణానికే ఉత్తేజం పొందుతాయి, ధూళిని రాలుస్తాయి. 1990 దశకంలో జపాను పరిశోధకులు మధుమేహ రోగుల రక్తంలో ఈ సూక్ష్మకణికలు ఇతరుల కంటె ఎక్కువగా ఉన్నట్లు కనుగొన్నారు. తరువాత ఇతర దేశాలలోను ఇటువంటి ఫలితాలే వచ్చాయి.

ఇక్కడ పాఠకులు ఒక పొరపాటు ఊహకు లోనయ్యే అవకాశం ఉన్నది. పిండి జల్లెడ రంధ్రాలలో ఊక ఇరుక్కున్నట్లు, ఈ ధూళి మూత్రపిండాల జల్లెడను పూడ్చివేస్తుందని అనిపించవచ్చును. జరిగేది అది కాదు. ఈ కణికలు తమ పైపొరలోను, కడుపులోను కొన్ని ప్రోటీన్లను, రసాయనిక సంకేతాలను మోసుకొని వస్తాయి. రక్తనాళపు గోడను తాకి ఆ సంకేతాలను అందజేస్తాయి. ఉత్తరం చేరిన ఇంటిలో మనుషుల ప్రవర్తన మారినట్లు, ఆ సంకేతం అందుకున్న కణం ప్రవర్తన మారిపోతుంది.

ఎలుకలలో కనిపించినది

ఈ విషయాన్ని స్పష్టంగా పరీక్షించినది చైనాలోని నాన్‌జింగ్ నగరపు పరిశోధకుల బృందం. వారి ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. వారు కొన్ని ఎలుకలకు ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనంచేసే మందు ఇచ్చి మధుమేహం కలిగించారు. ఆ ఎలుకల రక్తంలో ప్లేట్‌లెట్ సూక్ష్మకణికలు గణనీయంగా పెరిగాయి. అటువంటి కణికలను వేరుచేసి, ప్రయోగశాలలో పెంచిన కేశనాళికా గుచ్ఛపు అంతఃస్తర కణాలపై ప్రయోగించారు. ఆ కణాలలో హాని కలిగించే ఆక్సిజన్ పదార్థాలు పెరిగాయి, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గింది. అంతఃస్తరం మీద ఉండే మెత్తని పూత పలచబడింది. అడ్డుగోడ నుండి పదార్థాలు కారిపోవడం ఎక్కువైంది.

కణికలు మోసుకొని వచ్చిన సంకేతాలలో ఒకటి ఏదో కూడా వారు గుర్తించారు. అది ప్లేట్‌లెట్లలో విస్తారంగా ఉండే ఒక ప్రోటీన్. దానిని ప్రతిరక్షకంతో అడ్డగించినప్పుడు నష్టం బాగా తగ్గింది. ప్లేట్‌లెట్ల ఉత్తేజాన్ని తగ్గించే ఆస్పిరిన్ ఇచ్చిన ఎలుకలలో సూక్ష్మకణికలు తగ్గాయి, మూత్రపిండపు అంతఃస్తరం మెరుగుపడింది. అంటే ఈ ధూళి వ్యాధికి గుర్తు మాత్రమే కాదు, కనీసం ఎలుకలలో, నష్టాన్ని కలిగించే కారణాలలో ఒకటి కూడా.

ఎలుక నుండి మనిషికి

విజ్ఞానశాస్త్రంలో ఇటువంటి ఫలితం చూచినప్పుడు ఉత్సాహం కలగడం సహజం. ఐతే ఆస్పిరిన్ చవకైన మందు, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ప్రతి మధుమేహ రోగీ రోజుకొకటి మ్రింగితే సరిపోతుంది కదా అని అనుకోవడం ప్రమాదకరం. దీనికి కారణాలు ఉన్నవి.

మొదటిది, ఎలుకలో కొన్ని వారాలలో కలిగించిన వ్యాధి, మనిషిలో పది ఇరవై సంవత్సరాలలో నెమ్మదిగా ముదిరే వ్యాధి ఒకటి కాదు. మనిషిలో రక్తపోటు, స్థూలకాయం, పొగాకు, వయస్సు, వంశలక్షణం కూడా కలిసి పనిచేస్తాయి.

రెండవది, ఈ కణికలను లెక్కించడమే కష్టం. రక్తం తీసిన తరువాత కూడా సీసాలోని ప్లేట్‌లెట్లు సూక్ష్మకణికలను రాలుస్తూనే ఉంటాయి. సీసాను కుదిపినా, ఆలస్యంగా పరీక్షించినా సంఖ్య మారిపోతుంది. అంతేగాక ప్లేట్‌లెట్ గుర్తులు ఉన్న కణికలలో కొన్ని ఎముక మజ్జలోని మాతృకణాల నుండే నేరుగా వస్తున్నవని కూడా తెలిసింది. అందువల్ల ఒక ప్రయోగశాల సంఖ్యను మరొక ప్రయోగశాల సంఖ్యతో పోల్చడం సులభం కాదు. ఈ పరీక్ష ఇంకా సాధారణ వైద్యంలోకి రాకపోవడానికి ఇదొక కారణం.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఆస్పిరిన్ వల్ల రక్తస్రావం జరగవచ్చును. అంతవరకు గుండెజబ్బు లేని 15,480 మంది మధుమేహ రోగులపై బ్రిటన్‌లో జరిగిన పరిశీలన ఫలితాలు 2018లోనే వెలువడ్డాయి. వారిని సగటున ఏడు సంవత్సరాలకు పైగా గమనించారు. ఆస్పిరిన్ తీసుకున్నవారిలో గుండె, రక్తనాళాలకు సంబంధించిన తీవ్ర ఘటనలు 12 శాతం తగ్గాయి. కాని తీవ్రమైన రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. ఒక చేతితో ఇచ్చిన మేలును మరొక చేతితో చాలావరకు తీసుకొన్నట్లైంది. కాబట్టి ఎవరికి ఆస్పిరిన్ అవసరమో నిర్ణయించవలసినది వైద్యుడే.

నేడు చేయగలిగినది

ధూళి రహస్యం పూర్తిగా తేలేవరకు చేతులు కట్టుకొని కూర్చోవలసిన అవసరం లేదు. జల్లెడను కాపాడే మార్గాలు కొన్ని ఇప్పటికే నిరూపితమయ్యాయి. 1441 మంది ఒకటవ రకం మధుమేహ రోగులపై అమెరికా, కెనడాలలో జరిగిన పరిశీలన 1993లో వెలువడింది. చక్కెరను కట్టుదిట్టంగా అదుపులో ఉంచినవారిలో మూత్రంలోకి ఆల్బుమిన్ స్వల్పంగా జారే దశ 39 శాతం తగ్గినట్లు అది చూపింది. ఆ సంవత్సరమే కాప్టోప్రిల్ అనే రక్తపోటు మందు, అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్న మధుమేహ రోగులలో పతనాన్ని దాదాపు సగానికి తగ్గించినట్లు తెలిసింది. 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ మందులు రెండవ రకం మధుమేహంలో మేలు చేస్తాయని రుజువైంది. కేశనాళికా గుచ్ఛాలలోని ఒత్తిడిని తగ్గించడం ఈ మందుల ప్రత్యేకత.

2019లో కానాగ్లిఫ్లోజిన్ అనే మరొక జాతి మందు మూత్రపిండాల పతనాన్ని నెమ్మదింపజేస్తుందని తేలింది. ఈ జాతి మందులు పనిచేసే తీరు ఆలోచించదగినది. ఇవి మూత్రపిండంలో చక్కెర తిరిగి రక్తంలోకి పోకుండా అడ్డుకొని, దానిని మూత్రంలోకి పంపివేస్తాయి. మన పూర్వులు వ్యాధికి లక్షణంగా గుర్తించిన తీపి మూత్రాన్ని నేడు వైద్యులు కావాలనే కలిగించి మూత్రపిండాన్ని కాపాడుతున్నారు.

కాని ఏ మందైనా సకాలంలో మొదలుపెట్టితేనే ఫలితం ఉంటుంది. ఒక పాఠశాల ఉపాధ్యాయుని ఊహించుకొందాము. వయస్సు యాభై దాటింది. మధుమేహం ఉన్నది, మందులు వాడుతున్నాడు. నడకలో అలసట లేదు, కాళ్ళవాపు లేదు, మూత్రం మామూలుగానే వస్తున్నది. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా బాగానే ఉన్నది. ఇక మూత్రపిండాలకు ఏమీ లేదని ఆయన ధైర్యం. కాని మూత్రపిండాల శక్తి దాదాపు సగం తగ్గేవరకు క్రియాటినిన్ సాధారణ స్థాయిలోనే కనిపించవచ్చును. ఆయన మూత్రంలో ఆల్బుమిన్‌ను కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములకు లోబడి ఉంటే భయం లేదు. 30 నుండి 300 వరకు ఉంటే జల్లెడ సడలుతున్నదని అర్థం. 300 దాటితే నష్టం ముదిరినట్లు. జ్వరం, కఠిన వ్యాయామం, మూత్రకోశంలో సూక్ష్మజీవుల బాధ ఉన్నప్పుడు కూడా ఈ సంఖ్య తాత్కాలికంగా పెరుగుతుంది. అందుకే కొన్ని నెలల వ్యవధిలో పరీక్షను మళ్ళీ చేసి నిర్ధారించుకొంటారు. రెండవ రకం మధుమేహం ఉన్నదని తెలిసిన నాటి నుండి, ఒకటవ రకమైతే ఐదు సంవత్సరాల తరువాత నుండి, ఏటా ఒకసారి ఈ పరీక్ష జరగాలి.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. మూత్రపిండాల వ్యాధులన్నీ మధుమేహం వల్లనే రావు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో చక్కెర వ్యాధి గాని, అధిక రక్తపోటు గాని లేనివారు కూడా పెద్దసంఖ్యలో మూత్రపిండాలు దెబ్బతిని బాధపడుతున్నారు. దానికి ఏకైక కారణమంటూ ఇంతవరకు నిర్ధారణ కాలేదు. కాబట్టి చక్కెర లేదు కనుక మూత్రపిండాలకు ప్రమాదం లేదనుకోవడం సరికాదు.

మూత్రపిండాలు పూర్తిగా విఫలమైతే మిగిలేవి డయాలిసిస్, అవయవ మార్పిడి. సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారి నాలుగు గంటలు యంత్రం పక్కన గడపవలసి వస్తుంది. పేదవారికి ఉచితంగా డయాలిసిస్ అందించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎందరికో అది ప్రాణాధారమైంది. అయినా యంత్రం రక్తాన్ని శుభ్రం చేయగలదు గాని, పోయిన కూలి రోజులను, ఇంటిల్లిపాది పడే ఆందోళనను తీర్చలేదు.

1967లో ధూళి అని పేరు పెట్టిన కణికలకు నేడు ఇంత ప్రాధాన్యం లభించింది. వాటిని కచ్చితంగా కొలిచే పద్ధతి ఏర్పడితే, ఆల్బుమిన్ కారడం మొదలుకాక ముందే ప్రమాదాన్ని పసిగట్టవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. రక్తస్రావం కలిగించకుండా వాటి సంకేతాన్ని మాత్రమే అడ్డగించే మందు సాధ్యమా అన్నది మరొక ప్రశ్న. ఇది చదువుతున్న విద్యార్థులలో కొందరైనా రేపు ఈ ప్రశ్నలను చేపట్టవచ్చును. అంతవరకు వారు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. మన ఇళ్ళలో చక్కెర వ్యాధి ఉన్న తాతగారో, అమ్మమ్మగారో, తల్లిదండ్రులో చాలామందికి ఉన్నారు. వారిలో ఎక్కువమంది రక్తంలో చక్కెర ఎంతో చెప్పగలరు. మూత్రంలో ఆల్బుమిన్ ఎంతో, ఈ సంవత్సరం ఆ పరీక్ష జరిగిందో లేదో వారిని అడగండి. జరగలేదంటే ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు మీరు కూడా తోడుగా వెళ్ళండి.